టెగన్ పెళ్లి పూట క్లైవ్ గొంతు

తెరంతా నలుపు. పైన ఒక మూల తెల్లటి అక్షరాల్లో ఒకే ఒక్క వరుస: సిస్టమ్ కనిపించలేదు, డిస్కు పెట్టి ఏదో ఒక కీ నొక్కండి. క్లైవ్ హానఫర్డ్ ఏదో ఒక కీ నొక్కాడు. అదే వరుస మళ్లీ వచ్చింది. ఇంకొకటి నొక్కాడు. నిన్న మధ్యాహ్నం నుంచి ఈ కీబోర్డులో నొక్కని అక్షరం లేదు, వీటికి నోరుంటే ఈపాటికి నన్ను బండబూతులు తిట్టి ఉండేవి, వీటికీ నోరు లేదు నాకూ లేదు, సరిపోయాం, అనుకున్నాడు. కిటికీ అవతల ఆవపంట లాంటి కనోలా చేను కళ్లు చెదిరే పసుపుతో కొండ దాకా పరుచుకుని ఉంది, వానలు బాగా పడిన ఏడాది, పెళ్లికి ఇంతకన్నా మంచి రోజు దొరకదని జేమ్స్‌టౌన్ ఊరంతా అంటోంది, దొరకదు నిజమే, ఎండ ఉంది, గాలి లేదు, ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో కుర్చీలు వేసేశారు, మూడింటికి చర్చి, ఆ తర్వాత విందు, విందులో పెళ్లికూతురి తండ్రి లేచి నాలుగు మాటలు మాట్లాడాలి, ఆ నాలుగు మాటలూ, వాటిని పలకాల్సిన గొంతూ రెండూ ఈ డబ్బాలోనే ఉన్నాయి, డబ్బా ఏమో సిస్టమ్ కనిపించలేదంటోంది.

“క్లైవ్! ఆ గదిలోంచి లేచి స్నానానికి వెళ్తావా, లేకపోతే నన్నే బకెట్టు తెచ్చి నెత్తిన కుమ్మరించమంటావా?” వంటింట్లోంచి గ్లెనిస్ కేక.

బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. రెండు దెబ్బలంటే సరే అని, ఒకటైతే కుదరదని, ఇన్నేళ్లు కాపురం చేశాక ఆలుమగలిద్దరూ కొత్తగా నేర్చుకున్న భాష అది, అవసరాలన్నీ తీరతాయి కానీ అందులో పోట్లాడుకోవడం కుదరదు, పోట్లాట లేని కాపురం ఎంత చప్పగా ఉంటుందో ఈ ఏడాదిలోనే తెలిసింది, ఆవిడ ఒక మాట అంటుంది, తను టక్కుమని బల్ల కొడతాడు, ఆవిడ గెలిచేస్తుంది, గెలిచి కాసేపు అక్కడే నిలబడుతుంది, ఇంకా ఏదో వస్తుందేమోనని, ఏమీ రాదు, గిన్నెలు కడుక్కోవడానికి వెళ్లిపోతుంది. ఆ నిలబడే కాసేపూ ఆవిడ మొహం చూడలేకనే కదా ఈ డబ్బా తయారు చేసుకుంది.

ఒకప్పుడు క్లైవ్ లేని షెడ్డు షెడ్డే కాదనేవారు. గొర్రెల ఉన్ని కోసే కాలంలో ఊరూరా తిరిగి ఉన్ని రకాలు తేల్చే పని అతనిది, కోతగాళ్ల మిషన్లు గుయ్యిమంటుంటే, కుక్కలు మొరుగుతుంటే, వాటన్నిటి మీదుగా అతని గొంతు అటు చివరి దాకా వినబడేది, రాజకీయాలు, ఫుట్‌బాల్, ఎవరి కంచె ఎవరి పొలంలోకి జరిగింది, పోయిన గురువారం పబ్బులో ఎవరు ఎవరిని ఏమన్నారు, చేతులు ఉన్ని మీద, నోరు ఊరి మీద. ఇంటికొచ్చినా అంతే, రాత్రి భోజనాల దగ్గర టెగన్ చిన్నప్పుడు చెవుల్లో బఠానీలు పెట్టుకుని కూర్చునేది, నాన్నా ఇప్పుడు చెప్పుకో, నాకేం వినబడదు అని. ఒక బఠానీ లోపలికంటా పోయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది, దారి పొడుగునా తిట్టాడు, అదీ వినబడలేదట దానికి, ఒక చెవిలో బఠానీ, ఇంకో చెవిలో వేలు. ఆ తర్వాత గొంతు బొంగురుపోవడం మొదలైంది, దుమ్ము అనుకున్నాడు, ఉన్ని షెడ్డులో పనిచేసేవాడికి దుమ్ము కాక ఇంకేముంటుంది, దుమ్ము కాదన్నారు ఎడిలైడ్ ఆస్పత్రిలో, గొంతుపెట్టె మొత్తం తీసేయాలన్నారు, తీస్తే బతుకుతావన్నారు. మెడ కింద చిన్న చిల్లు, ఊపిరి అక్కడి నుంచే, ముక్కు ఉట్టి అలంకారానికి మిగిలింది, వంటింట్లో గ్లెనిస్ ఏం కాలుస్తోందో కూడా ఇప్పుడతనికి వాసన రాదు, చూసి తెలుసుకోవాలి.

కానీ ఆపరేషన్‌కి ముందు ఆస్పత్రిలో ఒక అమ్మాయి, కళ్లజోడు నెత్తికి ఎక్కించుకుని తిరిగే అమ్మాయి, చెప్పింది, మీ గొంతుని దాచిపెట్టుకోవచ్చు క్లైవ్ గారూ, మేమిచ్చే వాక్యాలు ఇంట్లో కూర్చుని చదివి రికార్డు చేయండి, ఆ ముక్కలతో కంప్యూటరు మీ గొంతు నేర్చుకుంటుంది, తర్వాత మీరు టైపు చేసిందల్లా మీ గొంతుతోనే పలుకుతుంది అని. ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే చోటు ఎక్కడుంది, పక్కన రోడ్డు, వెనక కోళ్లు, చివరికి బట్టల బీరువాలో దూరాడు, గ్లెనిస్ చలికాలం కోట్ల మధ్య ముక్కాలిపీట వేసుకుని, నలుగురు నావికులు నీలం పడవలో నిమ్మకాయలు తెచ్చారు, మా పిన్నిగారి పిల్లికి పియానో అంటే పడదు, ఇలాంటి వాక్యాలు వారాల తరబడి చదివాడు, అప్పటికే గొంతు అరిగిపోతోంది, పొద్దున్న కాస్త బాగుండేది, సాయంత్రానికి గీరుకుపోయేది, అందుకని పొద్దున్నే లేచి బీరువాలోకి. వాళ్లిచ్చినవి అయిపోయాక తనవి చేర్చాడు, అంపైరుని తిట్టేవి, కుక్కని పిలిచేవి, ట్రెవ్ నోరు మూసుకో అని మూడు నాలుగు రకాలుగా, టెగన్ అని ఎన్నో రకాలుగా, భోజనానికి పిలిచినట్టు, చేను అవతల నుంచి కేకేసినట్టు, పరీక్ష తప్పినప్పుడు తలుపు బయట నిలబడి మెల్లగా పిలిచినట్టు. బీరువా బయట గ్లెనిస్ నిలబడి వింటోందని తెలుసు. తలుపు కింది సందులోంచి ఆవిడ చెప్పులు కనబడుతూనే ఉండేవి.

ఆ గొంతు పాత కంప్యూటర్లో నత్తలా నడిచింది, టైపు చేశాక టీ పెట్టుకుని తాగేంత సేపటికి పలికేది, ఎదుటివాళ్లు ఈలోగా వేరే సంగతిలోకి వెళ్లిపోయేవారు, పోట్లాటకి అసలు పనికిరాదు. కొత్తది కొనుక్కో అన్నారు అందరూ, క్లైవ్‌కి కొనడం ఇష్టం లేదు, పని లేక చేతులు దురద పెడుతున్నాయి, ముక్కలు ముక్కలుగా పోస్టులో తెప్పించాడు, బోర్డు ఒకచోటి నుంచి, ఫ్యాను ఒకచోటి నుంచి, పాత షెడ్డు పడగొట్టినప్పుడు ఇంటికి తెచ్చుకున్న ఉన్ని బల్ల, సందులు సందులుగా కొయ్య పట్టీలున్న బల్ల, దాని మీద అన్నీ పరిచి ఒక్కొక్కటే బిగించాడు. మొదటిసారి బటన్ నొక్కినప్పుడు ఫ్యాన్లు తిరిగితే చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఆ వేళ దాంతో పలికించిన మొదటి మాటకి గ్లెనిస్ తలుపు దగ్గర నిలబడిపోయింది, ఆ తర్వాత అరగంటలో ఇద్దరూ చెత్తబుట్ట గురించి బ్రహ్మాండంగా పోట్లాడుకున్నారు. ఆ రాత్రి ఎంత బాగా నిద్రపట్టిందో.

మరి అంత చక్కగా ఉన్నదాన్ని కదపడమెందుకు, పెళ్లి ముందురోజు? గ్లెనిస్ నిన్నటి నుంచి అడుగుతున్న ప్రశ్న అదే. ఎందుకంటే, మీ ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిపోయింది, కొత్తదానికి మారండి అని ఒక పెద్ద నోటీసు తెర నడిమధ్యన వచ్చి కూర్చునేది, వచ్చినప్పుడల్లా గొంతు ఆగిపోయేది, మాట మధ్యలో, ఊపిరి మధ్యలో. రేపు హాల్లో ఊరంతా చూస్తుండగా, నా కూతురు పుట్టిన రోజున అని మొదలుపెట్టగానే ఆ నోటీసు వస్తే? పోనీ ఉపన్యాసం మొత్తం ముందే పలికించి రికార్డు చేసి పెట్టుకోమన్నాడు పెళ్లికొడుకు జారడ్, మంచివాడే, మెతక మనిషి, కానీ పెళ్లి ఉపన్యాసమంటే ఏమిటో తెలియదు వాడికి, మధ్యలో ఎవడో ఒకడు వెనక బల్ల దగ్గర నుంచి అరుస్తాడు, వాడికి అక్కడికక్కడే తగిలించాలి, అది లేకపోతే ఉపన్యాసం ఎందుకు, టేపు పెట్టి శవంలా పక్కన నిలబడాలా? డబ్బానే బండిలో వేసుకుని హాలుకి తీసుకెళ్తానన్నాడు, హాల్లో కరెంటు పోతే ఉంటుందని పెద్ద బ్యాటరీ ఒకటి ముందే బండిలో పెట్టాడు. అందుకే మార్పిడికి సరే నొక్కాడు. కొత్త సిస్టమ్‌కి మెమరీ చాలదంటే, పోస్టులో వచ్చిన మెమరీ పలక ఒకటి పెట్టి, పక్క రేకు మూసి, సరే నొక్కాడు. చక్కగానే దిగింది అంతా. ఇక మళ్లీ మొదలవుతాను అంది. మొదలవలేదు.

అప్పుడు గ్లెనిస్ ఫోను చేసింది, సహాయం చేసే నంబరుకి. తను రాతపలక మీద సుద్దతో రాయడం, ఆవిడ చదవడం, అవతలివాడు ఏదో అనడం, ఆవిడ దాన్ని తనకి చెప్పడం. బూటింగ్ అని రాస్తే బూట్లు అని చదివింది. “మా ఆయన బూట్ల గురించి ఏదో అంటున్నాడు బాబూ, నాకర్థం కావట్లేదు.” చివరికి ఫోను చేత్తో మూసి ఇటు తిరిగింది. “అంతా తుడిచేసి మళ్లీ మొదటి నుంచి వేసుకోమంటున్నాడు. తుడిచేయమంటావా?” పలక మీద ‘వద్దు’ అని ఎంత గట్టిగా రాశాడో, సుద్ద విరిగి ఆవిడ టీ కప్పులో పడింది. తుడిచేయడమట. నీ గొంతు తుడిచేస్తే నీకు తెలుస్తుంది. ఆస్పత్రిలో ఒక నకలు ఉంది నిజమే, కానీ శనివారం అక్కడ ఎవరుంటారు, సోమవారం ఇచ్చినా దాన్ని మళ్లీ గొంతుగా పేర్చడానికి రోజులు పడుతుంది, పెళ్లి ఇవాళ.

ఫోనులో కూడా ఒక గొంతు ఉంది, ఏది టైపు చేసినా పలుకుతుంది, వాతావరణ వార్తలు చదివే పెద్దమనిషిలా ఉంటుంది. పబ్బులో ఒకసారి దాంతో ఒక బీరు ఇమ్మని అడిగితే అందరూ లేచి నిలబడ్డారు, ప్రధానమంత్రి వచ్చాడేమోనని. నవ్వాడు తనూ. ఇంటికొచ్చాక ఆ ఫోనుని సోఫా మీదికి విసిరేశాడు.

“బావా, నీకేం బెంగొద్దు.” ట్రెవ్ తలుపు తోసుకుని వచ్చాడు, గ్లెనిస్ తమ్ముడు, అద్దెకి తెచ్చిన కోటు, దాని జేబులో చెయ్యి. “ఇది లేవకపోతే నేనున్నాగా. నా దగ్గర మంచి జోకులున్నాయి. ఫాదరూ గొర్రే జోకు ఉందే, అది చెప్తే హాలు కూలిపోద్ది. నువ్వు పక్కన నిలబడి చెయ్యి ఊపు, చాలు.”

క్లైవ్ బల్ల మీద ఒక్కసారి కొట్టాడు. కొయ్య పట్టీలు అదిరాయి.

“ఓహో, అలాగా. సరే, నేనైతే వసారాలో కూర్చుని ఓసారి చెప్పుకుంటా. ఎందుకైనా మంచిది.”

వెళ్లిపోయాడు. చేతులు ఊపమంటాడు, చేతులు ఊపడానికి నేనేమన్నా వీడ్కోలు చెబుతున్నానా, పిల్లకి పెళ్లి చేస్తున్నాను. టెగన్ అడిగింది అదొక్కటే. పువ్వులడగలేదు, పెద్ద కేకు అడగలేదు, చర్చిలో ఎవరు పాడాలో కూడా జారడ్ వాళ్లమ్మకే వదిలేసింది, పోయిన శీతాకాలం ఈ బల్ల అంచునే కూర్చుని, నాన్నా నువ్వు మాట్లాడాలి, అంది, ఎంతసేపైనా మాట్లాడుకో, నేను బఠానీలు తెచ్చుకోను. ఆ మాట అని తన భుజం మీద ఒకటి చరిచి లేచి వెళ్లిపోయింది, తల్లిలాగే, ఏడుపొస్తే మనిషిని కొట్టి వెళ్లిపోతుంది. ఇప్పుడు ముందుగదిలో జుట్టు వేయించుకుంటోంది, డ్రయ్యర్ శబ్దం వస్తోంది, మధ్యమధ్య నవ్వులు, ఒక్కసారీ ఇటు రాలేదు పొద్దున్నుంచీ, రాకపోవడమే భారంగా ఉంది, వస్తే ఫర్వాలేదు నాన్నా అనేస్తుందని తెలుసు, ఆ మాట వినడం తన వల్ల కాదు.

డ్రయ్యర్ ఆగింది. ఒక్కసారిగా ఇల్లంతా నిశ్శబ్దం. పైకప్పు మీద ఒక మాగ్‌పై పిట్ట గుర్రుగుర్రుమంది. డబ్బా లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, సన్నటి గాలి శబ్దం. క్లైవ్ తల వంచాడు. గొర్రె ఉన్నిలోంచి ఒక పాయ లాగి, రెండు కొసలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని వేలితో మీటితే తెలుస్తుంది అది గట్టిదా, లోపల ఎక్కడో చివికిందా అని, గట్టిదైతే టింగుమంటుంది, చివికిందైతే చిటపటలాడుతుంది, జీవితమంతా చెవితోనే బతికాడు, కళ్లు మోసపోయినా చెవి మోసపోదు. ఆ చెవికి ఇప్పుడేదో తక్కువగా తోచింది. ఫ్యాను ఉంది, ఇంకో ఫ్యాను ఉంది, వాటి కింద ఉండాల్సిన ఒక గొణుగుడు లేదు, ముసలి పిల్లి ఒళ్లో పడుకుని చేసే శబ్దం లాంటిది, అది లేదు. పాత డిస్కు. పాత కంప్యూటర్లోంచి పీకి దీంట్లో పెట్టిన డిస్కు, బీరువాలో చదివిన వాక్యాలన్నీ ఉన్నది దాంట్లోనే, తిరిగినప్పుడల్లా గొణుగుతుంది, కొత్త డిస్కు ఏమో మూగది, దానికి తిరిగే భాగాలే లేవు, సిస్టమ్ అంతా ఆ మూగదాంట్లో ఉంది, మరి పాతది గొణక్కపోతే సిస్టమ్ ఎందుకు లేవదు?

 చటుక్కున తట్టింది. మొదట ఇదంతా బిగించిన రోజున రెండు డిస్కులూ తగిలించి ఉండగానే సిస్టమ్ వేశాడు, అలా వేస్తే అది తన తాళంచెవిని ఒక డిస్కులో పెట్టి, సామానంతా ఇంకో డిస్కులో సర్దుతుందని ఎక్కడో చదివాడు, చదివి, అలాగా అనుకుని వదిలేశాడు. తాళంచెవి పాతదాంట్లో ఉంది. నిన్న మెమరీ పలక పెడుతూ మోచెయ్యి లోపల దేనికో తగిలింది, తగిలిందని తెలుసు, అప్పుడేం కాలేదు కదా అని రేకు మూసేశాడు. కరెంటు తీసి, రేకు పీకి, వేళ్లు లోపలికి పోనిచ్చాడు, చూడకుండానే, ఉన్ని లోపలికి పోనిచ్చినట్టు, డిస్కు వెనక వైరు, తొడుగు సగం బయటికి వచ్చి వేలాడుతోంది, ఊడిపోలేదు, ఊడిపోయి ఉంటే నిన్ననే తెలిసేది, సగంలో వేలాడుతూ కాసేపు పనిచేసి, వేడికి సడలి మానేసింది, దొంగముండ. బొటనవేలితో నొక్కాడు. టక్.

కరెంటు పెట్టి బటన్ నొక్కాడు. ఫ్యాన్లు లేచాయి. అరచెయ్యి డిస్కు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు, ఒక క్షణం ఏమీ లేదు, తర్వాత వేళ్ల కింద సన్నటి వణుకు, ఆ వణుకు గొణుగుడయ్యింది. తెర మీద తెల్లటి వరుస రాలేదు. చుక్కలు గుండ్రంగా తిరిగాయి, మార్పులు జరుగుతున్నాయి, కంప్యూటర్ ఆపవద్దు అంది. ఆపుతానా, చస్తే ఆపను, ఈ ఇంటికి నిప్పంటుకున్నా నిన్ను చంకలో పెట్టుకుని తీగతో సహా పరిగెడతాను, నువ్వు కానియ్యి తల్లీ, కానియ్యి. శాతం మెల్లగా పైకి పాకుతోంది, ముసలి గొర్రె ర్యాంపు ఎక్కినట్టు, ఆగుతుంది, ఆలోచిస్తుంది, ఇంకో అడుగు వేస్తుంది. ఇదే గదిలో టెగన్ నడక నేర్చుకుంది, అప్పుడూ ఇలాగే నేల మీద కూర్చుని ఊపిరి బిగబట్టాడు, రామ్మా ఇంకొక్కటి, ఇంకొక్కటి. ఆపరేషన్ అయిన మర్నాడు ఆస్పత్రి వరండాలో తను నడుస్తుంటే పక్కన అదే నడిచింది, ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఇద్దరిలో ఒకరికే నోరు లేకపోవడం అన్యాయమనుకుందో ఏమో, వరండా చివరికి వెళ్లి వెనక్కొచ్చేదాకా అదీ మూగగానే నడిచింది. శాతం నిండింది. ఇక మళ్లీ మొదలవుతాను అంది. తెర ఆరిపోయింది.

వెలగలేదు.

ఈసారి వరుస కూడా లేదు, చుక్కలు లేవు, ఉట్టి నలుపు. చూశాడు, చూశాడు. తెర బటన్ నొక్కాడు, వైరు కదిపాడు, నలుపు.  ఇంతేలే, అనుకున్నాడు. పసుపుపచ్చటి చేను కిటికీలో అలాగే ఉంది, దానికేం. వసారాలో ట్రెవ్ గొంతు సవరించుకోవడం వినబడింది, వంటింట్లో ఆడవాళ్లకి వినబడేలా మొదలుపెడుతున్నాడు, “అనగనగా ఒక ఫాదరూ, ఒక గొర్రే,” ఎవరో మర్యాదకి నవ్వారు, జోకు ఇంకా రాకముందే. పలక తీసుకుని దాని మీద రాసి టెగన్‌కి ఇవ్వాలా, ఏమని రాయాలి, సుద్ద ముక్క కోసం జేబు తడుముకుంటున్నాడు, అప్పుడు స్పీకర్లోంచి చిన్నగా, ట్రింగ్, కంచు గిన్నెని చెంచాతో తట్టినట్టు.

క్లైవ్ స్పీకరు వైపు చెవి తిప్పాడు. అది రాదు. సిస్టమ్ పూర్తిగా లేచి, గుమ్మం దగ్గర నిలబడి, పాస్‌వర్డ్ చెప్పమని అడిగినప్పుడు తప్ప ఆ శబ్దం రాదు. డిస్కు గొణుగుతోంది. అంటే ఇది చావలేదు, బతికే ఉంది, లోపల అంతా బాగానే ఉంది, దానికి కనబడేలా చెప్పడం రావట్లేదంతే. మొహం లేదు, గొంతు ఉంది. నాకు తెలుసు ఆ సంగతి, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది, లోపల అంతా ఉండి బయటికి చెప్పలేకపోవడం, ఏడాది నుంచి నేను చేస్తున్నది అదేగా. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. చచ్చిపోయిన కుక్క పేరు కొట్టి ఎంటర్ నొక్కాడు. డబ్‌మని ఒక తప్పు శబ్దం.  వేళ్లు తొడల మీద గట్టిగా రుద్దుకున్నాడు. మళ్లీ, మెల్లగా, ఒక్కొక్క అక్షరం, ఆ కుక్కని గేటు దగ్గర నుంచి పిలిచినంత జాగ్రత్తగా. ఎంటర్. డిస్కు ఒక్క ఊపున గిరగిర తిరిగింది, ఏదో తెరుచుకుంటోంది, ఏదో కాదు, అదే, లేవగానే మొట్టమొదట ఆ గొంతే తెరుచుకునేలా పెట్టుకున్నాడు తను, నల్లటి తెర వెనక ఎక్కడో ఆ తెల్లటి పెట్టె, అందులో మిణుకుమిణుకుమనే గీత, నువ్వు చెప్పు నేను పలుకుతాను అని. గీత కనబడదు. ఉందనుకోవాలి. స్పీకరు బిరడా చివరి దాకా తిప్పాడు. వసారాలో గొర్రె చర్చి మెట్లెక్కుతోంది. క్లైవ్ టైపు చేశాడు, చూడకుండా, తప్పులు దిద్దకుండా. ఎంటర్.

“ట్రెవ్, ఆ జోకు నా పెళ్లిలో కూడా చెప్పావు. అప్పుడూ ఎవరూ నవ్వలేదు.”

అతని గొంతు. నల్లటి తెరలోంచి, కొంచెం బొంగురుగా, కోతగాళ్ల మిషన్ల మీదుగా వెళ్లే గొంతు, గోడలకి తగిలి, నడవా దాటి, వసారాలోకి వెళ్లింది.  వంటింట్లో ఏదో పళ్లెం గట్టు మీద ఠంగుమని పడింది, ఆడవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు, ఈసారి మర్యాదకి కాదు, పొట్టలు పట్టుకుని. ట్రెవ్ “నవ్వారు బావా, మా పిన్ని నవ్వింది,” అని అరుస్తున్నాడు.

“మీ పిన్నికి చెముడు,” అంది గొంతు.

గ్లెనిస్ వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులకి పిండి. నల్లటి తెర వైపు చూసింది, అతని వైపు చూసింది.  ఇప్పుడు ఆవిడకే మాట లేదు, ఇలాంటి రోజు ఒకటి వస్తుందని ఎవరనుకున్నారు, క్లైవ్ కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని ఎదురు చూశాడు, కాసేపటికి ఆవిడ మోచేత్తో కళ్లు తుడుచుకుంది, పిండి నుదుటికి అంటింది.

“పెళ్లయ్యాక చేసుకోరాదా అని నిన్నే చెప్పాను.”

“చెప్పావు,” అంది గొంతు. “తెర ఆరిపోయినా పనిచేయించాను చూడు. ఎవరు గొప్ప?”

“నీ మొహం గొప్ప. స్నానం చెయ్యి.”

ఆవిడ వెళ్లిపోయేటప్పుడు నిలబడలేదు, నిలబడాల్సిన పని లేకుండా, విసురుగా, పాత రోజుల్లోలా వెళ్లిపోయింది. క్లైవ్ ఒంట్లోంచి నవ్వు వచ్చింది, నోట్లోంచి రాదు అది, మెడ చిల్లులోంచి ఊపిరి ఊపిరిగా వస్తుంది, బుస్సుబుస్సుమని, చూసేవాళ్లకి ఆయాసంలా ఉంటుంది, రానీ. నవ్వుతూనే ఆలోచించాడు, మొహం ఎందుకు పోయింది, బొమ్మలు చూపించే కార్డుకీ కొత్త సిస్టమ్‌కీ పడట్లేదు, ఇంకేముంది, అది ఎప్పుడో ఆటలాడే కుర్రాళ్లు వాడి వదిలేసిన కార్డు, గొంతుకి దాని అవసరమేముంది, బోర్డుకే సొంతంగా ఒక సాకెట్టు ఉంది. యంత్రం ఆపాడు, కార్డు పీకి బల్ల మీద పడేశాడు, తెర వైరు బోర్డు వెనక గుచ్చాడు. బటన్. తెల్లటి గీతలు, చుక్కలు, ఆ తర్వాత తెర మొత్తం నీలంగా, ఎవరో ఎక్కడో తీసిన కొండల బొమ్మ, మంచి కొండలే, మన కొండ ముందు బలాదూరు. మధ్యలో తెల్లటి పెట్టె, అందులో గీత మిణుకుమిణుకుమంటోంది. నోటీసు లేదు. ఏ మూలా లేదు. కొత్త సిస్టమ్ నీట్‌గా చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. గట్టిగా అరవాలనిపించింది క్లైవ్‌కి, అరవగలడు కూడా, టైపు చేశాడు, అంపైరుని తిట్టడానికి బీరువాలో దాచుకున్న మాటల్లో అన్నిటికన్నా పెద్దది ఎంచుకుని, అది ఇల్లంతా దద్దరిల్లేలా పలికింది, ముందుగదిలో జుట్టు వేసే అమ్మాయి దువ్వెన జారవిడిచిన చప్పుడు.

“నాన్నా!”

టెగన్ గుమ్మంలో నిలబడి ఉంది. సగం జుట్టుకి రోలర్లు, ఒంటి మీద పాత ఫుట్‌బాల్ జెర్సీ, మొహమంతా పూర్తిగా పెళ్లికూతురు. పరిగెత్తుకొచ్చినట్టుంది, ఊపిరి ఎగబీలుస్తోంది.

“ఇంకోసారి అను. బూతు కాదు. ఏదైనా.”

ఏం అనాలి? ఉపన్యాసం ఉంది, దిద్ది దిద్ది పెట్టుకున్నది, పుట్టిన రోజు సంగతి, నడక సంగతి, జారడ్‌కి రెండు చురకలు. ఇప్పుడు అవేవీ కావు. క్లైవ్ అయిదారు అక్షరాలు కొట్టాడు.

“టెగన్,” అంది గొంతు, చేను అవతల నుంచి కేకేసినట్టు, అన్నం చల్లారిపోతోంది రావేమే అన్నట్టు.

ఆ పిల్ల మొహం ముడుచుకుపోయింది. రెండు చేతుల్తో కళ్ల కింద విసురుకుంది, పైకప్పు వైపు చూసింది, ఉపయోగం లేకపోయింది. వచ్చి తండ్రి భుజం మీద ఒకటి చరిచింది, ఈసారి వెళ్లిపోలేదు, అక్కడే గడ్డం ఆనించింది, రోలర్లు అతని చెవికి గుచ్చుకున్నాయి.

“ఇక ఆపు నాన్నా. ఈ రంగు వేయడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా. ఆపు, నీకు దణ్ణం పెడతాను.”

ఆపు అంది. ఏడాది నుంచి ఈ ఇంట్లో, ఈ ఊళ్లో, ఎవ్వరూ అతన్ని ఆపమనలేదు. అందరూ వంగి, ఓపిగ్గా, చెప్పు క్లైవ్, మెల్లగా రాయి క్లైవ్, మేమెక్కడికీ పోంలే అన్నారు. క్లైవ్ హానఫర్డ్ కుర్చీ ముందుకి జరుపుకుని, రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి, మాట్లాడటం మొదలుపెట్టాడు. జారడ్ బూట్లు చర్చికి పనికిరావనీ, వాళ్లమ్మ ఎంచిన పాట చావు పాటలా ఉంటుందనీ, ఈ ఏడాది కనోలా ఇంత బాగా పండటానికి కారణం ఏమిటో, పోయిన శనివారం ఆటలో ఆఖరి గోలు ఎందుకు చెల్లదో, ట్రెవ్ కోటు వెనక చిరుగుందనీ, అది వాడికి ఎవరూ చెప్పొద్దనీ. టెగన్ ఏడుస్తూ నవ్వుతూ బయటికి పరిగెత్తింది, గొంతు నడవా పొడుగునా దాని వెంట పడింది. వంటింట్లో ఆడవాళ్లు జవాబులిస్తున్నారు. ట్రెవ్ ఏదో అరుస్తున్నాడు. అన్నిటికీ సమాధానం వెళ్తోంది ఈ గదిలోంచి, ఒక్కటీ వదలకుండా, ఎవరికి తగ్గది వాళ్లకి, సగం మాటలో అక్షరాలు తారుమారై నిమ్మకాయలు నిమ్మయాకలు అయిపోయినా ఆగకుండా.

“క్లైవ్!” గ్లెనిస్ అరిచింది. “అది ఇప్పుడు ఆపి స్నానానికి పోతావా, వచ్చి ప్లగ్గు పీకమంటావా?”

“పీకు,” అంది గొంతు. “బండిలో బ్యాటరీ ఉంది.”